ఆస్కార్ పక్కన ఏ చేప బతుకుతుంది? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

తిరుపతిలో ఇళ్లకు, దుకాణాలకు వెళ్లి అక్వేరియాలు చూసుకోవడం నా పని. ఆస్కార్ వంటి సిక్లిడ్ కుటుంబపు చేపలు పెంచేవారు ఫోను చేస్తే మొదటి మాట ఒకటే: “రాత్రి బాగానే ఉన్నాయండీ, పొద్దున చూస్తే ఒకటి తేలుతోంది.” తొట్టి పొడవెంత, అందులో ఏమేం వేశారు అని అడిగితే కారణం సగం అక్కడే తెలిసిపోతుంది.

అపోహ: చిన్నప్పటి నుంచీ కలిపి పెంచితే కలిసిపోతాయి.

చెన్నై కొళత్తూరు నుంచి వచ్చే ఆస్కార్ పిల్ల రెండంగుళాలు కూడా ఉండదు. చూస్తే ముద్దొస్తుంది. మేత బాగా దొరికితే ఏడాది తిరిగేసరికి అడుగుకు చేరువవుతుంది. నోట్లో పట్టేది ఏదైనా దానికి మేతే, చిన్ననాటి స్నేహం లెక్కలోకి రాదు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. పని మొదలుపెట్టిన కొత్తలో, అడుగున మిగిలిన మేత ఏరుకుంటాయని ఆస్కార్‌తో కోరిడోరాస్ అనే చిన్న క్యాట్‌ఫిష్‌లు వేశాను. ఒక ఉదయం ఆస్కార్ నోరు తెరుచుకుని మూలన నిలబడి ఉంది, పెదవుల మధ్య చిన్న తోక. కోరిడోరాస్ భయపడితే రెక్కల ముళ్లు బిగదీస్తుంది. ఆ ముళ్లు గొంతులో అడ్డం పడ్డాయి. పట్టకారుతో లాగితే ఇంకా దిగాయి. రెండూ దక్కలేదు.

అందుకే తోడు చేప నోట్లో పట్టనంత పెద్దదిగా ఉండాలి, మింగబోతే గుచ్చుకునేది కాకూడదు. నాలుగడుగులకు మించిన తొట్టి ఉంటే సిల్వర్ డాలర్ చేపలు అయిదారు కలిపి వేయమంటాను. పళ్లెంలా వెడల్పుగా ఉంటాయి, చురుగ్గా తప్పించుకుంటాయి. మొక్కల మీద ఆశ మాత్రం వదులుకోండి, ఆకు మిగల్చవు.

అపోహ: సిక్లిడ్లన్నీ ఒకటే, ఏదైనా దేనితోనైనా కలపవచ్చు.

కుటుంబం ఒకటే, నిజమే. చేపల మార్కెట్లో అమ్మే తిలాపియా కూడా ఆ కుటుంబమే. కానీ ఆస్కార్ అమెజాన్ ప్రాంతపు చేప, పురుగులూ చిన్న చేపలూ తింటుంది. ఎంబూనాలనే రంగురంగుల సిక్లిడ్లు ఆఫ్రికాలోని మలావీ సరస్సు రాళ్ల మీద పాచి గీరుకుని బతికేవి. ఆస్కార్‌కు వేసే మాంసపు మేత వీటికి అలవాటు చేస్తే పొట్ట ఉబ్బి చనిపోయే ప్రమాదం ఉంది. నీటి సంగతికొస్తే, బకెట్లకు తెల్లగా పొర కట్టే మన బోరు నీళ్లు ఎంబూనాలకు బాగా సరిపోతాయి. తొట్టెల్లో పుట్టి పెరిగిన ఆస్కార్లు కూడా ఆ నీళ్లకు సర్దుకుంటాయి. చిక్కంతా మేతతోనూ పోట్లాట తీరుతోనూ వస్తుంది.

అపోహ: చేపలు తక్కువుంటే గొడవలు తక్కువ.

ఎంబూనాల్లో ఇది తిరగబడుతుంది. మూడడుగుల తొట్టిలో రెండు మగచేపలుంటే ఓడినదానికి దాక్కునే చోటుండదు, గెలిచింది రోజంతా దాన్నే తరుముతుంది. నాలుగడుగుల తొట్టిలో పదిహేను ఉంటే కోపం అందరికీ తలాకాస్త పడుతుంది. ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి ఉండాలి, రాళ్ల గుహలు చాలినన్ని కట్టాలి. కొత్త చేపను దించే రోజు ఆ రాళ్లన్నీ కదిపి, దీపం ఆర్పి దించండి. పాత కాపురాలు చెదిరితే అన్నీ కొత్తగా చోటు వెతుక్కుంటాయి. అయితే ఇంత గుంపుకు గట్టి ఫిల్టరు, వారం వారం మూడో వంతు నీటి మార్పు తప్పవు. మే నెలలో కరెంటు పోతే మొదట పైకొచ్చి నోళ్లు తెరిచేది ఇలాంటి కిక్కిరిసిన తొట్టే. బ్యాటరీ ఎయిర్ పంపు కొని పెట్టుకోండి. ఈ గుంపు ఉపాయం ఆస్కార్లకు పనికిరాదు.

అపోహ: ఫ్లవర్‌హార్న్ ఒంటరిగా బాధపడుతుంది.

పడదు. నుదుటి మీద బుడిపె ఉండే ఈ సిక్లిడ్‌కు తోడు తెచ్చి వేస్తే దాన్ని ఇంట్లో చొరబడిన దొంగ అనుకుంటుంది. ఒంటరిగానే ఉంచండి. ఇది ఇంట్లో ఉంటే అదృష్టం వస్తుందని కొందరంటారు, అది నా పనిలోకి రాదు.

అపోహ: సక్కర్ చేప ఎక్కడైనా వేయవచ్చు, మురికి తింటుంది.

పాచి కొంత తింటుంది, అంతకంటే ఎక్కువ మురికి చేస్తుంది. ఆకలేస్తే రాత్రిపూట ఆస్కార్ పక్కలకు అతుక్కుని పైజిగురు నాకుతుంది. అడుగుకు మించి పెరిగాక చెరువులో వదలకండి, అక్కడ మన చేపల బతుకు పాడుచేస్తుంది.

అపోహ: ఆరు నెలలు గొడవ లేకపోతే ఇక ఉండదు.

కొర్లగుంటలో ఒక ఇంటి తొట్టి ఇలాగే ప్రశాంతంగా ఉండేది. ఒకరోజు వెళ్లేసరికి చేపలన్నీ ఫిల్టరు మూలన, పైభాగంలో ఒకదానికొకటి ఒరుసుకుని ఉన్నాయి. మిగిలిన తొట్టంతా ఖాళీ. జబ్బు చేసిందేమోనని ఆ ఇంటి పెద్దావిడ దిగులుపడ్డారు. వంగి చూస్తే, బోర్లించిన పూలకుండీ పెంకు లోపల గుడ్లు, వాకిట్లో కాపలాగా కాన్విక్ట్ అనే చారల సిక్లిడ్ల జంట. వేలెడంత చేపలు రెండు, తమకంటే పెద్దవాటిని అన్నింటినీ మూలకు తోసేశాయి. తొట్టి మధ్యలో ప్లాస్టిక్ జాలీ అడ్డం పెట్టి వచ్చాను. కొన్నాళ్లకు పిల్లలు మబ్బులా ఈదసాగాయి. ఊళ్లో నేను అడిగిన దుకాణాల్లో ఒక్కరూ వాటిని ఊరికే ఇచ్చినా తీసుకోలేదు. ఆవిడ నాకే రెండు సంచులు కట్టి ఇచ్చారు. ప్రస్తుతం అవి మా మిద్దె మీద సిమెంటు తొట్టిలో ఉన్నాయి, కావలసినవారు వచ్చి పట్టుకెళ్లవచ్చు.