షోళవరం నుంచి ఐలాండ్ గ్రౌండ్స్ దాకా: ముందున్న కారును దాటడం ఎందుకంత కష్టం?

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ ఉన్న రోడ్ల మీద, రాత్రివేళ దీపాల వెలుగులో ఫార్ములా 4 కార్లు (యువ డ్రైవర్లు తొలి మెట్టుగా నడిపే ఒంటిసీటు రేసు కార్లు) పోటీపడ్డాయి. సుమారు 3.5 కిలోమీటర్ల ఆ సర్క్యూట్ ఒక పాత ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది. అందరివీ ఒకే రకం కార్లయినప్పుడు కూడా ముందున్నవారిని దాటడం ఎందుకంత కష్టం? డ్రైవరు తెగువలో మాత్రమే వెతికితే దీనికి జవాబు దొరకదు. కారును ఎలా సెటప్ చేశారు (అంటే రెక్కలు, సస్పెన్షన్, టైర్ల వంటివాటిని ఎలా అమర్చారు), దారిని ఎలా గీశారు అన్న రెండింటికీ మధ్య దశాబ్దాలుగా సాగుతున్న పెనుగులాటలో ఆ జవాబు ఉంది.

నెల్లూరు వైపు నుంచి జీఎన్‌టీ రోడ్డు మీద మద్రాసుకు వచ్చే తెలుగువారికి షోళవరం తెలిసిన ఊరే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ వేసిన రన్‌వే మీద, 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు పందేలు నడిపింది. విమానాల కోసం వేసిన దారి కాబట్టి వెడల్పు ఎక్కువ, తిన్నని భాగాలు పొడవు, వాటి చివర ఒక్కసారిగా తిరగాల్సిన మలుపులు. ఇలాంటి చోట ఇంజను బలం, బ్రేకుల మీద నమ్మకం, ముందున్న కారు చీల్చిన గాలి వెనుక చేరి వేగం పుంజుకునే స్లిప్‌స్ట్రీమ్ ఫలితాన్ని తేలుస్తాయి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో పందేల కోసమే కట్టిన 3.7 కిలోమీటర్ల ట్రాక్ వచ్చాక లెక్క మారింది. వేగంగా తిరిగే మలుపులు వరుసగా రావడంతో సస్పెన్షన్ గట్టిదనం, గేర్ల అమరిక, టైర్లలో గాలి ఒత్తిడి వంటివి గెలుపోటములను తేల్చే విషయాలయ్యాయి. కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి కార్లను రూపొందించి, మధ్యతరగతి కుర్రాళ్లకు కూడా ఈ విద్యను అందుబాటులోకి తెచ్చారు. మన దేశపు ఫార్ములా పందేలకు ఆయన చేసిన మేలును ఎంత చెప్పినా తక్కువే.

రెక్కలు లేని కారుకు స్లిప్‌స్ట్రీమ్ వల్ల దాదాపు లాభమే తప్ప నష్టం లేదు. రెక్కలొచ్చాక సమస్య మొదలైంది. 1968లో ఫార్ములా 1 కార్లకు రెక్కలు బిగించారు. తలకిందులు చేసిన విమానపు రెక్కలా పనిచేసే ఈ వింగ్ కారును నేలకు అదిమిపెడుతుంది. ఆ డౌన్‌ఫోర్స్ వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కాబట్టి, వేగమైన మలుపుల్లోనే దాని అవసరమూ ప్రయోజనమూ ఎక్కువ. అయితే ముందు కారు వెనుక గాలి చెదిరి సుడులు తిరుగుతుంది. ఆ గాలిలో చిక్కిన కారుకు ముందు చక్రాల పట్టు తగ్గుతుంది, టైర్లు వేడెక్కుతాయి, మలుపు దాటేసరికి దూరం పెరుగుతుంది. తర్వాత వచ్చే తిన్నని దారిలో స్లిప్‌స్ట్రీమ్ ఆ దూరాన్ని పూడ్చలేకపోతే దాటడం అసాధ్యమవుతుంది.

ఇక్కడే ట్రాక్ రూపం కీలకమవుతుంది. రెక్క కోణం పెంచితే మలుపుల్లో పట్టు పెరుగుతుంది, కానీ గాలి అడ్డుపడి తిన్నని దారిలో వేగం తగ్గుతుంది. అందుకే పొడవైన తిన్నని దారులున్న ఇటలీలోని మోంజాలో అందరూ రెక్కల కోణం తగ్గిస్తారు, మలుపులే ఎక్కువైన మొనాకో వీధుల్లో అందరూ పెంచుతారు. సరైన సెటప్ ఏదో అందరికీ ముందే తెలిసిపోతే కార్ల మధ్య తేడా తగ్గిపోతుంది. బెల్జియంలోని స్పా అలాంటిది కాదు. దాని మొదటి, చివరి భాగాలు తక్కువ రెక్కను కోరుతాయి, నడిమి భాగం ఎక్కువ రెక్కను కోరుతుంది. కాబట్టి ఒక జట్టు మలుపుల్లో సమయం పోగొట్టుకోవడానికి సిద్ధపడి కెమెల్ స్ట్రెయిట్ అనే పొడవైన తిన్నని భాగంలో దాటే వేగాన్ని ఎంచుకుంటే, మరో జట్టు అందుకు విరుద్ధంగా నడుస్తుంది. పందెంలో ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే క్వాలిఫయింగ్ మొదలయ్యాక సెటప్‌ను దాదాపుగా మార్చనివ్వరు గనుక, శనివారం ఎంచుకున్నదానితోనే ఆదివారం పోటీపడాలి. ఏ సెటప్ సరైనదో తేల్చుకోలేని ట్రాకే మంచి పోటీనిస్తుందని నా అభిప్రాయం. వెడల్పు, తిన్నని దారి పొడవు దాని తర్వాతివే.

నిబంధనలు రాసేవారు ఎక్కువగా కారు వైపు నుంచే మందు వేశారు. 1969లో ఎత్తైన రెక్కలను, 1983లో నేలను పట్టి ఉంచే అడుగు భాగాలను నిషేధించింది ప్రధానంగా భద్రత కోసం. దాటడాన్ని సులభం చేయాలన్న ఉద్దేశంతో 2009లో రెక్కల కొలతలు మార్చారు, 2011లో డీఆర్‌ఎస్ (వెనుక వచ్చే కారు తిన్నని దారిలో తన వెనుక రెక్కను తెరిచి వేగం పెంచుకునే ఏర్పాటు) తెచ్చారు. డీఆర్‌ఎస్ రాకముందు, 2010లో అబుదాబిలోని యాస్ మరీనా ట్రాక్‌పై, కారు వేగంలో లోటు లేని ఫెరారీ డ్రైవరు ఆలోన్సో, రెనో డ్రైవరు పెట్రోవ్ వెనుక చిక్కుకుని ప్రపంచ టైటిల్‌ను కోల్పోయాడు. ఆ ట్రాక్ మలుపులను సరిచేసింది మాత్రం 2021లో. 2022లో అడుగు భాగం నుంచే డౌన్‌ఫోర్స్ పుట్టే కార్లు వచ్చాయి, వెనుక వచ్చేవారి నష్టం మొదట్లో బాగా తగ్గింది. 2026 నిబంధనలు డీఆర్‌ఎస్‌ను తీసేసి, కార్లను 10 సెంటీమీటర్లు సన్నబరిచి, తిన్నని దారిలో రెక్కల కోణం మారే ఏర్పాటు చేశాయి.

ట్రాక్ వైపు ప్రయత్నాలూ జరగకపోలేదు. ట్రాక్‌ల రూపశిల్పి హెర్మన్ టిల్కే రూపొందించిన నోయిడా సమీపపు బుద్ధ్ సర్క్యూట్‌లో కిలోమీటరుకు మించిన స్ట్రెయిట్, దాని ముందు వెడల్పు చేసిన మలుపు ఉన్నాయి. అయినా 2011, 2012, 2013 ఫార్ములా 1 పందేలు మూడింట్లోనూ పోల్ (అందరికంటే ముందు బయలుదేరే స్థానం), గెలుపు రెడ్ బుల్ డ్రైవరు వెటెల్‌వే. దారిని ఎంత బాగా గీసినా, అందరికంటే ముందు బయలుదేరిన వేగవంతమైన కారును అది ఆపలేదు.

వీధి సర్క్యూట్ కథ వేరు. రోజువారీ వాహనాలు తిరిగే రోడ్డు ఎత్తుపల్లాలుగా ఉంటుంది, పందెపు గీత తప్పితే దుమ్ము, పక్కనే గోడ. అందుకే కారును కాస్త ఎత్తు చేసి, మెత్తటి సస్పెన్షన్‌తో, ఎక్కువ రెక్కతో దాదాపు అందరూ ఒకే సెటప్‌కు చేరతారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ‘ఫార్ములా ఈ’ విద్యుత్ కార్ల పందేన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. బ్యాటరీ శక్తిని ఆదా చేయాల్సిన ఆ కార్లకు గోడల మధ్య కూడా దాటే అవకాశాలు కలిసొస్తాయి, ఎందుకంటే ఎవరు ఎక్కడ శక్తిని ఖర్చు చేస్తారన్న ఎంపిక మిగిలే ఉంటుంది. ఫార్ములా 4లో ఆ ఎంపిక లేదు.

చెన్నై ఈ పోటీలను కొనసాగించాలనుకుంటే స్ట్రెయిట్ ముందు మలుపును నెమ్మదైనదిగా, వెడల్పుగా గీయడం, బ్రేకు వేసే చోట రోడ్డును చదును చేయడం వల్ల వెంటనే మేలు జరుగుతుంది. అంతకంటే ముఖ్యమైనది సాధన. ఐలాండ్ గ్రౌండ్స్ రోడ్లు కొద్ది రోజులకే దొరుకుతాయి. ఒక డిగ్రీ రెక్క, ఒక మిల్లీమీటరు ఎత్తు లాప్ సమయాన్ని ఎలా మారుస్తుందో యువ డ్రైవర్లూ మెకానిక్కులూ తెలుసుకోవాల్సింది ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో. నగర ప్రదర్శనకు పెట్టే ఖర్చులో కొంత ఆ ట్రాకుల ఉపరితలానికీ, అక్కడ సాధన చేసే కుర్రాళ్ల టైర్లకూ కేటాయించాలి.