జెఫర్సన్ ఇంటిపేరు ఎవరిది? వివాదం మలుపు తిరిగింది 1873లో

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 2026 జూలై 4 నాటికి 250 ఏళ్ళు. ఆ ప్రకటన రాసి, తర్వాత అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ కన్నుమూసి అదే రోజుకు సరిగ్గా 200 ఏళ్ళు. ఈ రెండు సందర్భాలూ కలిసిరావడంతో ఆయన పేరు వెంట ఆయన దగ్గర బానిసగా ఉన్న సాలీ హెమింగ్స్ పేరూ, ఆమె పిల్లలకు తండ్రి ఎవరన్న ప్రశ్నా మళ్ళీ ముందుకు వస్తున్నాయి. ఆమె పారిస్ ప్రయాణం, ఆ తండ్రి జెఫర్సనేనంటూ 1802లో పత్రికలకెక్కిన ఆరోపణ చాలామందికి తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. ఈ వివాదం గురించి రాసేవారు సాధారణంగా 1998 నాటి డీఎన్ఏ పరీక్షనే మలుపుగా చూపిస్తారు. అసలు మలుపు మాత్రం అంతకు 125 ఏళ్ళ ముందు ఒహాయో రాష్ట్రంలోని ఒక చిన్న పత్రికలో వచ్చింది.

1873 మార్చి 13న ‘పైక్ కౌంటీ రిపబ్లికన్’ పత్రిక మాడిసన్ హెమింగ్స్ అనే 68 ఏళ్ళ వడ్రంగి చెప్పిన జీవితకథను అచ్చువేసింది. తాను సాలీ కొడుకుననీ, జెఫర్సన్ తన తండ్రి అనీ ఆయన అందులో సూటిగా చెప్పాడు. అయితే కథను ఎత్తుకున్నది తండ్రి దగ్గర కాదు, ఇంటిపేరు దగ్గర. తన అమ్మమ్మ ఎలిజబెత్ తల్లి ఆఫ్రికన్ స్త్రీ అనీ, తండ్రి హెమింగ్స్ అనే ఆంగ్లేయ ఓడ కెప్టెన్ అనీ చెప్పాడు. బిడ్డను కొనుక్కుంటానని కెప్టెన్ ఎంత అడిగినా యజమాని జాన్ వెయిల్స్ అమ్మలేదు. చాటుగా ఎత్తుకుపోవాలని కెప్టెన్ చూస్తున్నాడని తెలిసి, తల్లీబిడ్డలను తన భవంతిలోకే మార్పించాడు. ఆ ఎలిజబెత్‌కు వెయిల్స్ వల్ల పుట్టిన కూతురే సాలీ. వెయిల్స్ జెఫర్సన్‌కు పిల్లనిచ్చిన మామ కాబట్టి, జెఫర్సన్ భార్యకు సాలీ వేరే తల్లికి పుట్టిన చెల్లెలు.

ఇలాంటి కుటుంబాల విషయంలో నోటిమాటకు ఎందుకంత విలువ ఇవ్వాలో తెలియాలంటే ఒక చట్టాన్ని గుర్తుచేసుకోవాలి. బిడ్డకు తల్లి హోదాయే సంక్రమిస్తుందని వర్జీనియా 1662లో శాసించింది. తండ్రి ఎవరైనా బానిస బిడ్డ బానిసే కనుక, కాగితం మీద తండ్రి పేరు ఉండవలసిన అవసరం యజమానికి లేకపోయింది. జెఫర్సన్ స్వహస్తంతో రాసుకున్న వ్యవసాయ ఖాతాలో సాలీ పేరు కింద బెవర్లీ, హారియట్, మాడిసన్, ఈస్టన్ అన్న పేర్లు, వాటి పక్కన పుట్టిన ఏడు కనిపిస్తాయి. తండ్రి పేరు కనిపించదు.

మాడిసన్ మాటకు వెంటనే వచ్చిన జవాబు దారుణమైనది. పోటీ పత్రిక సంపాదకుడు ఆ కథను, జతకట్టించడానికి తిప్పే మగగుర్రాల కరపత్రాల మీద అచ్చువేసే వంశావళితో పోల్చాడు. అదే ఏడాది డిసెంబర్‌లో, థామస్ జెఫర్సన్ ఎస్టేటు మాంటిచెల్లోలో బానిసగా పనిచేసిన ఇజ్రాయెల్ జెఫర్సన్ ముందుకు వచ్చి మాడిసన్ చెప్పింది నిజమేనన్నాడు. ఈయనకు ఆ ఇంటిపేరు రక్తసంబంధంతో వచ్చింది కాదు. స్వేచ్ఛాపత్రం కోసం షార్లెట్స్‌విల్ కోర్టుకు వెళ్ళినప్పుడు ఏ ఇంటిపేరు రాసుకోమంటావని గుమాస్తా అడిగాడు. ఈయన తటపటాయిస్తుంటే, మాంటిచెల్లోలో పుట్టి ఆ దొరకు నమ్మకంగా పనిచేశావు గనుక జెఫర్సన్ అని పెట్టుకో, అంత గొప్పవాడి పేరైతే నీకూ గౌరవంగా ఉంటుందని ఆ గుమాస్తాయే సలహా ఇచ్చాడు. ఈయన సరేనన్నాడు. రక్తం పంచుకున్నానన్న మాడిసన్ హెమింగ్స్‌గానే మిగిలాడు.

జెఫర్సన్ మనవలు చెప్పింది వేరు. మనవరాలు ఎలెన్ కూలిడ్జ్ 1858లో భర్తకు రాసిన ఉత్తరంలో ఆ పిల్లల తండ్రిగా జెఫర్సన్ మేనల్లుడు శామ్యూల్ కార్‌ను చూపించింది. ఆమె అన్నయ్య చెప్పిన మాటగా చరిత్రకారుడు హెన్రీ రాండల్ 1868లో రాసిన ఉత్తరంలో ఆ పేరు పీటర్ కార్ అయింది. ఒకే ఇంటివారు ఇద్దరు వేర్వేరు అన్నదమ్ములను చూపించినా, నూరేళ్ళపాటు చరిత్రకారులు ఎక్కువమంది ఈ మాటనే పట్టుకున్నారు. తమ పూర్వీకుడు వేల్స్ దేశంలోని స్నోడన్ కొండ దగ్గరి నుంచి వచ్చాడని జెఫర్సన్ స్వీయచరిత్రలో రాసుకున్నదీ కుటుంబంలో చెప్పుకొనే మాటే. దాన్ని జీవితచరిత్రకారులు గౌరవంగా ఎత్తిరాశారు, హెమింగ్స్ ఇంటి మాటను మాత్రం పుకారుగా తీసిపారేశారు. ఈ తేడా అన్యాయమని నేను భావిస్తున్నాను.

ఇక మాడిసన్ తమ్ముడు ఈస్టన్. ఫిడేలు వాయించి పేరు తెచ్చుకున్న ఆయన 1852లో ఒహాయో వదిలి విస్కాన్సిన్ చేరి, ఇంటిపేరు జెఫర్సన్‌గా మార్చుకొని, తెల్లవాడిగా బతికాడు. ఆయన కొడుకు జాన్ వెయిల్స్ జెఫర్సన్ అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో అధికారి అయ్యాడు. ఒహాయో నుంచి వచ్చిన పాత పరిచయస్తుడిని తన పుట్టుక బయటపెట్టవద్దని బతిమాలుకున్నాడు. 1940లలో ఆ ఇంటి పెద్దలు కథను ఇంకొంత మార్చి, మనం జెఫర్సన్ తండ్రి అన్నదమ్ముల్లో ఒకరి సంతతివాళ్ళమని పిల్లలకు చెప్పారు. 1970లలో జెఫర్సన్ మీద వచ్చిన ఒక జీవితచరిత్రలో ఈస్టన్ పేరు చూశాకే ఆ పిల్లలకు అసలు సంగతి తెలిసింది. బెవర్లీ, హారియట్ కూడా తెల్లవారిలో కలిసిపోయారని మాడిసన్ చెప్పాడు. హారియట్ భర్త పేరు తెలిసినా కావాలనే చెప్పలేదు. ఆ రెండు శాఖలవారు పరిశోధకులకు చిక్కలేదు.

1998 నవంబర్‌లో ‘నేచర్’ పత్రిక ప్రచురించిన పరీక్ష వై క్రోమోజోమ్ మీద జరిగింది. మన ఇంటిపేరులాగే అది తండ్రి నుంచి కొడుక్కు పోతుంది. జెఫర్సన్‌కు భార్య వల్ల మగసంతానం నిలవలేదు కనుక, ఆయన పెదతండ్రి ఫీల్డ్ జెఫర్సన్ వంశీకులు ఐదుగురి నమూనాలు తీసుకున్నారు. ఈస్టన్ వంశీకుడి నమూనా వారితో సరిపోయింది, కార్ వంశంతో సరిపోలేదు. మనవలు చెప్పిన కథ అక్కడితో ఆగిపోయింది. సాలీ కొడుకు సంతతిగా చెప్పుకొంటూ వచ్చిన వుడ్సన్ కుటుంబానికి కూడా ఆ పరీక్షలో జెఫర్సన్ వంశంతో పోలిక దొరకలేదు. 2007లో బ్రిటన్‌లో జెఫర్సన్ ఇంటిపేరున్న 85 మందిని పరీక్షిస్తే ఇద్దరికే అధ్యక్షుడి వంశంతో పోలిక కనిపించింది.

ఈ పరీక్ష జెఫర్సన్ వంశపు మగవాడు అని మాత్రమే చెబుతుంది, థామస్ అని చెప్పదు అన్న అభ్యంతరం సరైనదే. ఆ ఆధారంతోనే 2001లో 13 మంది పండితుల బృందంలో ఒక్కరు మినహా అందరూ సందేహం వెలిబుచ్చి, తమ్ముడు రాండల్ఫ్ వైపు వేలు చూపారు. కానీ సాలీకి ప్రతి బిడ్డా కడుపున పడిన కాలంలో థామస్ మాంటిచెల్లోలోనే ఉన్నాడు. అంతేకాక, పిల్లలను 21 ఏళ్ళకు విడిచిపెడతానని తల్లికి మాట ఇచ్చాడని మాడిసన్ 1873లో చెప్పాడు. బెవర్లీ, హారియట్ 1822లో వెళ్ళిపోతే ఆయన వెనక్కి రప్పించలేదు. మాడిసన్, ఈస్టన్‌లకు 1826 నాటి వీలునామా ద్వారా స్వేచ్ఛ లభించింది.

మాంటిచెల్లో భవనాన్ని నడిపే ఫౌండేషన్ సాలీ పిల్లలందరికీ థామసే తండ్రి అయి ఉండే అవకాశం ఎక్కువని 2000లో నివేదిక ఇచ్చింది. 2018లో ఆమె గదిని సందర్శకులకు తెరుస్తూ ఇది తేలిపోయిన విషయంగానే చెబుతామంది. అదే కొండ మీదున్న శ్మశానం మాత్రం జెఫర్సన్ కూతుళ్ళ సంతతి 1913లో పెట్టుకున్న సంఘం చేతిలో ఉంది. అక్కడ ఖననం కావడానికి సంఘంలో సభ్యత్వం కావాలి. హెమింగ్స్ సంతతికి ఆ సభ్యత్వం ఇవ్వకూడదని ఆ సంఘం 2002 మేలో ఓటేసి నిర్ణయించింది.