అన్నయ్యని ఎత్తుకున్న గుర్రం

చిట్టితల్లీ, నీ క్లాసు పిల్లలకి కూడా చదివి వినిపించు,

నువ్వు ఫోన్‌లో అడిగిన మాట రెండ్రోజులుగా నా బుర్రలోనే తిరుగుతోంది. "తాతయ్యా, నేను ఎన్నిసార్లు పిలిచినా అన్నయ్య పలకడు, స్వారీ నేర్పే చోట గుర్రానికి మాత్రం 'పద' అని చెప్పాడు, ఆ గుర్రం ఏమన్నా మందా?" అన్నావు. నీ గొంతులో కాస్త కోపం కూడా ఉంది. ఉంటే తప్పేం లేదులే.

మందు కాదమ్మా. అన్నయ్యకున్న ఆటిజం జ్వరంలాగా వచ్చి పోయేది కాదు, వాడు పుట్టుకతోనే లోకాన్ని అలా వింటాడు, అలా చూస్తాడు. ఫ్యాను తిరిగే చప్పుడు మనం ఎప్పుడో మర్చిపోతాం, వాడికి అది చెవిలో మోగుతూనే ఉంటుంది, ఆ మోతలో ఉన్నవాణ్ణి పట్టుకుని మనం ఇటు చూడు, పేరు చెప్పు, నవ్వు అని ఒకదాని మీద ఒకటి అడుగుతుంటాం. గుర్రం ఇవేవీ అడగదు.

నెలల పిల్ల ఏడుస్తుంటే అమ్మ ఏం చేస్తుందో చూశావా? ఎత్తుకుని కూర్చుంటే ఊరుకోదు, నిలబడితే ఊరుకోదు, నడవాలి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా చెల్లెల్ని చంకనేసుకుని ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఈ గోడకి తిరిగేవాణ్ణి, ఆగానా రాగం మొదలు, నడిచానా గప్‌చుప్, నా నడుం ఎటు ఊగితే అటు ఊగుతూ, కాళ్ళతో నన్ను గట్టిగా పట్టుకుని, మెడ నిలబెట్టుకుని అన్నీ చూస్తుండేది. గుర్రమెక్కిన పిల్లలు చేసేదీ అదే. గుర్రం నడిస్తే దాని వీపు ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందికీ కదులుతుంది, మనం నడిచేటప్పుడు మన నడుం కదిలినట్టే దాదాపు. నిమిషానికి సుమారు 100 అడుగులు వేస్తుంది, అడుగడుక్కీ పైనున్న పిల్లవాడి ఒళ్ళు తనంతట తనే సర్దుకుంటూ ఉండాలి. పన్నెండేళ్ళ పిల్లాణ్ణి ఇప్పుడు చంకనెత్తుకుని తిప్పేదెవరు చెప్పు? 400, 500 కిలోల గుర్రం తిప్పుతుంది. అమ్మకి పట్టుకోడానికి చేతులున్నాయి, గుర్రానికి లేవు, అందుకే అటొకరు ఇటొకరు నడుస్తారు, సైడ్ వాకర్స్ అంటారు, వాళ్ళే దాని చేతులనుకో. దాని ఒళ్ళు కూడా మనకంటే కాస్త వెచ్చగా ఉంటుంది, చంకలో ఉన్నట్టే.

డెన్మార్క్‌లో లిస్ హార్టెల్ అని ఒకావిడ, 1944లో పోలియో వచ్చి మోకాళ్ళ కింద పట్టు పోయింది, ఇంకొకరు సాయం చేస్తే తప్ప గుర్రం ఎక్కలేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రపుస్వారీలో వెండి పతకం తెచ్చింది. ఆవిణ్ణి చూశాకే చాలా దేశాల్లో ఒంటికీ మనసుకీ సాయంగా చేయించే ఇలాంటి స్వారీకి ఊపొచ్చింది. ఆటిజం ఉన్న పిల్లల మీద కూడా అమెరికాలో ఒక పెద్ద పరిశీలన చేశారు, 2015లో అచ్చయింది, 127 మందిని తీసుకుని కొందరికి 10 వారాలు స్వారీ నేర్పారు, మిగతావాళ్ళకి గుర్రం లేకుండా గుర్రాల గురించే పాఠాలు చెప్పారు. స్వారీ చేసినవాళ్ళకి చిరాకు తగ్గింది, మాటలు కూడా కొన్ని పెరిగాయి. అలాగని గుర్రమెక్కిస్తే చాలు, ఆటిజం పోతుంది అనేవాళ్ళ మాట నమ్మకు. కొంతమంది పిల్లలకి గుర్రమంటే భయం, దాని వాసన పడదు, వాళ్ళని బలవంతంగా ఎక్కించడం పాపం.

ఇక ఆ "పద" సంగతి. ఆ రోజు నేను కంచె దగ్గరే ఉన్నా కదా. గుర్రం ఆగింది, తాడు పట్టుకున్నాయన ఆగాడు, పక్కనున్న ఇద్దరూ ఆగారు, ఒక్కరూ తొందరపెట్టలేదు. అన్నయ్య వేళ్ళు జూలులోకి వెళ్ళాయి, తీశాడు, మళ్ళీ పెట్టాడు. నేను మనసులో ఇరవై దాకా లెక్కపెట్టాను. అప్పుడన్నాడు, గాలి ఎక్కువ, మాట తక్కువ, "పద" అని. గుర్రం కదిలింది! తను అన్న ఒక్క మాటకి అంత పెద్ద ప్రాణి కదిలిందని తెలిసినప్పుడు వాడి మొహం చూడాల్సింది తల్లీ. మనమైతే రెండు సెకన్లు ఆగి మళ్ళీ అడిగేస్తాం. ఈసారి పిలిచాక నువ్వూ ఇరవై లెక్కపెట్టి చూడు.

చిన్నప్పుడు ఒక బండిగుర్రం వెనక నుంచి వెళ్ళి తోక పట్టుకోబోయాను, బండాయన నా రెక్క పట్టి లాగేశాడు. "దానికి చుట్టూ అంతా కనిపిస్తుంది గానీ సరిగ్గా వెనకాల కనపడదురా, మాట్లాడుతూ భుజం వైపు నుంచి రా" అన్నాడు. అలాగే వెళ్ళి నిలబడ్డా. ఒక ఈగ వచ్చి దాని పొట్ట పక్కన వాలింది, ఒళ్ళంతా కదపలేదు, ఈగ వాలిన ఆ కాస్త చోటే చర్మం జలజలా వణికింది, ఈగ లేచిపోయింది. ఈగ బరువు తెలిసే ఒళ్ళు అది! మీద కూర్చున్న పిల్లవాడు బిగుసుకున్నాడా, వదులయ్యాడా అన్నది దానికి తెలియకుండా ఉంటుందా?

వచ్చే ఆదివారం నువ్వూ వెళ్ళు. భుజం వైపు కంచె దగ్గర నిలబడి, దాని చెవులే చూడు, రెండూ దేనికది తిరుగుతాయి. ఒకటి తాడు పట్టుకున్నాయన వైపు ఉంటుంది. అన్నయ్య తనలో తాను కూనిరాగం తీస్తాడు కదా, అప్పుడు రెండోది ఎటు తిరిగిందో చూసి నాకు రాయి.

మీ తాతయ్య