ఒక్క సీటు, ఆరు ఒలింపిక్స్: హిల్గెర్తోవా కెరీర్ వెనక కథ

ఒలింపిక్స్ కనూ స్లాలోమ్‌లో గడియారంతో పోటీపడే ఈవెంట్లకు ఒక్కో దేశం ఒక్కో బోటునే పంపాలి. చాలా దేశాలకు ఇది సమస్యే కాదు, ఆ ఒక్కరు దొరకడమే గగనం. చెక్ రిపబ్లిక్‌లో మాత్రం నాలుగేళ్లకోసారి ఇదే పెద్ద టెన్షన్. పతకం తేగలవాళ్లు ఒకే ఈవెంట్‌లో ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఒకరు విమానం ఎక్కుతారు, మిగతావాళ్లు టీవీ ముందు కూర్చుంటారు. సెలక్షన్ పోటీలే అసలు ఒలింపిక్స్ కన్నా కష్టం అనిపించే పరిస్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే ష్తెపాంకా హిల్గెర్తోవా కెరీర్‌ను మొదటి నుంచి చూడాలి. 1992 నుంచి 2012 దాకా వరసగా ఆరు ఒలింపిక్స్‌లో దిగిన కయాకర్ ఆమె. రెండు బంగారు పతకాలు గెలిచింది.

ముందు ఆట సంగతి. ఉరికే నీళ్ల మీద తీగలకు జంట కర్రలు వేలాడదీస్తారు. వాటినే గేట్లు అంటారు. ఆకుపచ్చ గేట్లలోంచి ప్రవాహంతోపాటు దిగాలి, ఎర్ర గేట్లకు మాత్రం వెనక్కి తిరిగి ప్రవాహానికి ఎదురు వెళ్లాలి. కర్ర తగిలితే 2 సెకన్ల జరిమానా, గేటు తప్పితే 50 సెకన్లు. అంటే ఒక్క గేటు తప్పినా ఆ పరుగు పోయినట్టే. కయాక్‌లో కాళ్లు చాపుకుని కూర్చుని తెడ్డును రెండు వైపులా వేస్తారు. కనూలో మోకాళ్ల మీద కూర్చోవాలి, తెడ్డుకు ఒకవైపే రెక్క ఉంటుంది.

ఈ ఆట 1933లో స్విట్జర్లాండ్‌లో మంచు మీది స్కీ స్లాలోమ్‌ను చూసి పుట్టింది. తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ 1949లో జెనీవాలో జరిగింది. సముద్రం లేని చెకోస్లొవేకియాలో జనానికి నదులంటే అప్పటికే పిచ్చి. సెలవులొస్తే పడవ వేసుకుని వల్తావా మీద రోజుల తరబడి తిరగడం అక్కడ ఇప్పటికీ మామూలే. 1967లో ఆ నది మీదే ఉన్న లిప్నోలో ప్రపంచ పోటీలు జరిగాయి. అక్కడ నది నీటిని భూగర్భ విద్యుత్ కేంద్రానికి మళ్లిస్తారు కాబట్టి ఏడాదిలో ఎక్కువ రోజులు ఏటి అడుగున బండరాళ్లే కనిపిస్తాయి. పోటీల కోసం నీళ్లు ప్రత్యేకంగా వదలాలి. మన దగ్గర సాగర్ గేట్లు ఎత్తారంటే జనం చూడటానికి పరిగెత్తుతారు, అక్కడ పడవలు నెత్తిన పెట్టుకుని వస్తారు.

1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో స్లాలోమ్‌కు తొలిసారి చోటు దొరికింది. ఔగ్స్‌బుర్గ్‌లో కట్టిన కృత్రిమ కాలువలో పోటీలు పెట్టారు. తూర్పు జర్మనీ ఆ కాలువ నమూనానే తమ దేశంలో కట్టుకుని ప్రాక్టీస్ చేసి, నాలుగు బంగారు పతకాలనూ ఎత్తుకుపోయింది. ఆ తర్వాత ఈ ఆటను ఒలింపిక్స్ నుంచి తీసేశారు. ఒక్క ఆట కోసం ప్రతి ఆతిథ్య నగరమూ ఓ నదిని తయారుచేయడమంటే ఖర్చుతో కూడిన పని మరి. మళ్లీ రావడానికి 20 ఏళ్లు పట్టింది. ఆ 20 ఏళ్లలో పుట్టి, పెరిగి, రిటైరైపోయిన మంచి ఆటగాళ్ల గురించి ఎవరూ రాయరు. వాళ్ల పాపం అది కాదు.

1968లో ప్రాగ్‌లో పుట్టిన హిల్గెర్తోవాకు టైమింగ్ కలిసొచ్చింది. 1986లో కొడుకు పుట్టేనాటికి ఆమెకు 18 ఏళ్లు. భర్త లూబోష్ కూడా స్లాలోమ్ కయాకరే. బార్సిలోనా ఒలింపిక్స్‌తో ఆట తిరిగొచ్చేసరికి ఆమెకు 24. ఆ పోటీల్లో చెకోస్లొవేకియా జట్టు తరఫున దిగి 12వ స్థానంతో సరిపెట్టుకుంది. కనూ సింగిల్స్‌లో లుకాష్ పొలర్ట్ బంగారం గెలిచాడు. మరుసటి ఏడాదికి దేశమే రెండుగా విడిపోయింది. 1996లో అదే పొలర్ట్‌ను 17 ఏళ్ల మిహాల్ మార్తికాన్ ఓడించి, స్వతంత్ర స్లొవేకియాకు మొట్టమొదటి బంగారం తెచ్చిపెట్టాడు. నిన్నటిదాకా ఒకే జట్టు.

ఆ 1996 అట్లాంటా ఒలింపిక్స్ స్లాలోమ్ అసలు అట్లాంటాలో జరగలేదు. పక్క రాష్ట్రం టెనెసీలో ఒకోయీ నది మీద జరిగింది. లిప్నో లాగే అక్కడా నీటిని విద్యుత్తు కోసం మళ్లిస్తారు, పోటీలకు వదిలారు. రెండు పరుగుల్లో మెరుగైనదే లెక్క అన్నది అప్పటి నియమం. హిల్గెర్తోవా స్కోరు 169.49. అమెరికా తరఫున దిగిన డానా ఖ్లాడెక్ మొదటి పరుగు బాగా చెడింది, రెండో పరుగులో ప్రాణం పెట్టింది. స్కోరు చూస్తే అదీ 169.49. సెకనులో నూరో వంతు కూడా తేడా లేదు. అప్పుడు రెండో లెక్క తీశారు: ఇద్దరిలో ఎవరి మిగిలిన పరుగు మెరుగ్గా ఉందో చూశారు. బంగారం హిల్గెర్తోవాకు దక్కింది. ఇంకో విశేషం, ఖ్లాడెక్ పుట్టింది కూడా చెకోస్లొవేకియాలోనే. ఆమె తల్లిదండ్రులు ఆ దేశపు కనూ జట్టువాళ్లు, చిన్నప్పుడే కుటుంబం దేశం వదిలి వెళ్లింది. మూడో స్థానంలో ఫ్రాన్స్‌కు చెందిన మిరియం ఫాక్స్-జెరుసాల్మి. ఈ ఇంటిపేరు గుర్తుంచుకోండి.

1999లో హిల్గెర్తోవా ప్రపంచ చాంపియన్ అయింది. సిడ్నీకి వచ్చేసరికి రెండు పరుగులూ కలిపి లెక్కించే పద్ధతి పెట్టారు. ఒక్క అద్భుతం సరిపోదు, రెండుసార్లూ నిలబడాలి. అక్కడా ఆమే గెలిచింది. 2003లో మళ్లీ ప్రపంచ చాంపియన్. ఏథెన్స్, బీజింగ్‌లలో బంగారాలు స్లొవేకియాకు చెందిన ఎలెనా కలిస్కావి. బీజింగ్‌లో హిల్గెర్తోవా పతకం దాకా రాలేదు గానీ ప్రారంభోత్సవంలో చెక్ జెండా పట్టుకున్నది ఆమే. 2012లో లండన్‌లో, 44 ఏళ్ల వయసులో, నాలుగో స్థానం. ఆ రేసులో వెండి గెలిచిన ఆస్ట్రేలియా అమ్మాయి జెస్సికా ఫాక్స్‌కు అప్పుడు 18 ఏళ్లు. మిరియం పెద్ద కూతురు. అట్లాంటాలో తల్లిని ఓడించిన మనిషి, పదహారేళ్ల తర్వాత కూతురి చేతిలో ఓడింది. రెండు తరాలతో పోటీపడటం అంటే ఇదీ.

ఇక సీటు గొడవ. స్లాలోమ్ తిరిగొచ్చిన తొలి రోజుల్లో ఒక దేశం ఒకే ఈవెంట్‌కు ఒకటికి మించి బోట్లు దింపగలిగేది. తర్వాత మరిన్ని దేశాలకు చోటివ్వాలని కోత మొదలైంది, లండన్ నాటికి ఒక్కటే మిగిలింది. కోత కారణం సబబే, కాదనలేం. కానీ భారం ఆడవాళ్ల మీద ఎక్కువ పడింది. 1972 నుంచి 2016 దాకా మగవాళ్లకు మూడు ఈవెంట్లుంటే, ఆడవాళ్లకు కయాక్ సింగిల్స్ ఒక్కటే. అంటే చివరికి చెక్ మహిళలందరికీ కలిపి ఒకే కుర్చీ. 2015లో కతెర్జినా కుదెయోవా ప్రపంచ చాంపియన్ అయింది, రియో సీటు ఆమెకే దక్కింది. హిల్గెర్తోవాకు ఏడో ఒలింపిక్స్ లేదు. ప్రపంచ చాంపియన్‌ను పంపడాన్ని తప్పుపట్టలేం, నాకైతే తప్పంతా ఆ ఒకే ఒక్క ఈవెంట్‌లో కనిపిస్తుంది.

ఆ లోటు టోక్యోలో కొంత తీరింది. మగవాళ్ల జంట కనూను తీసేసి మహిళల కనూ సింగిల్స్ పెట్టారు. అయితే ఆ జంట కనూ చెక్‌లకు పతకాల గని. మిరోస్లావ్ షిమెక్, యిర్జీ రోహాన్ జోడీ 1992, 1996లలో వెండి తెచ్చింది అందులోనే. టోక్యోలో రోహాన్ కొడుకు లుకాష్ కనూ సింగిల్స్‌లో వెండి గెలిచాడు, కయాక్‌లో యిర్జీ ప్రస్కావెట్స్ బంగారం కొట్టాడు.

పారిస్‌లో కయాక్ క్రాస్ వచ్చింది. అందులో పడవలు ఒకేసారి దూకి ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి. ఈ ఒక్క ఈవెంట్‌లో ఒక దేశం నుంచి రెండో మనిషికి దారి తెరిచారు. ఆ దారికి ఆఖరి క్వాలిఫయింగ్ పోటీ 2024 జూన్‌లో ప్రాగ్‌లో జరిగింది. అక్కడ అర్హత సాధించినవాళ్లలో మిరియం రెండో కూతురు నోయెమీ ఫాక్స్ ఒకరు. అక్క జెస్సికా జట్టులో ఉండగా పాత నియమం ప్రకారమైతే ఆమె ఇంట్లోనే ఉండిపోయేది. పారిస్‌లో నోయెమీ తొలి దశల్లోనే అక్కను వెనక్కి నెట్టి, చివరికి బంగారం గెలిచింది.