షుగర్ మొదలయ్యే రోజుల్లో పొట్ట కొవ్వులో ఏం జరుగుతుంది? కొన్ని అపోహలు - వాస్తవాలు

కావలిలో పదిహేనేళ్లుగా షుగర్ పేషెంట్లను చూస్తున్నాను. కరోనా తర్వాత ఒక మాట తరచూ వింటున్నాను.

అపోహ: "ఒంట్లో ఇమ్యూనిటీ తగ్గిపోయి షుగర్ వచ్చిందంట సార్."

అలా అన్నవాళ్లు సంచిలోంచి ఇమ్యూనిటీ పెంచే పొడి డబ్బా కూడా తీసి చూపిస్తారు. జరిగేది దాదాపు దీనికి తలకిందులు. టైప్ 2 షుగర్ మొదలయ్యే దశలో రోగనిరోధక కణాలు నీరసించి ఉండవు, అవసరం లేని చోట ఎగబడి పనిచేస్తుంటాయి. పేగుల చుట్టూ కొవ్వు పేరుకునే కొద్దీ అక్కడి కొవ్వు కణాలు ఉబ్బుతాయి, కొన్ని చచ్చిపోతాయి. వాటిని శుభ్రం చేయడానికి మాక్రోఫేజ్‌లనే కణాలు వస్తాయి. చచ్చిన కణం చుట్టూ అవి వలయంలా మూగి ఉండటం మైక్రోస్కోపులో కనిపిస్తుంది. పని అయ్యాక వెళ్లిపోతే ఇబ్బంది లేదు. కానీ కొవ్వు పెరుగుతున్నంత కాలం అక్కడే ఉండి టీఎన్ఎఫ్ ఆల్ఫా లాంటి, వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. అప్పుడు ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా కణాలు దాని మాట వినవు. లావు ఎలుకల కొవ్వులో ఈ రసాయనం ఎక్కువగా ఉందని 1993లో, మాక్రోఫేజ్‌లు గుంపుగా చేరతాయని 2003లో తేలింది. షుగర్‌కు ఇదొక్కటే కారణం కాదు. వంశం ఉంది, లివర్‌లో చేరిన కొవ్వు ఉంది.

అపోహ: "టైప్ 1లోనూ ఇదే కదా."

కాదు. అక్కడ టి కణాలనే మరో రకం రోగనిరోధక కణాలు ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలనే చంపేస్తాయి.

అపోహ: "సన్నగా ఉన్నాను, నాకెందుకు వస్తుంది?"

కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చినవాళ్లు మా దగ్గర చాలామంది. బరువు కాదు, ముందు టేపు పెట్టి నడుము కొలవండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

అపోహ: "లోపల వాపే కదా, వాపు తగ్గే మాత్ర వేసుకుంటే సరి."

నన్ను బాగా భయపెట్టేది ఇదే. కందుకూరు వైపు నుంచి వచ్చిన ఒకామె మోకాళ్ల నొప్పులకు నెలల తరబడి ఏవో మాత్రలు మింగింది. అవి వాపు తగ్గించే స్టెరాయిడ్లు. షుగర్ తగ్గకపోగా బాగా పెరిగిపోయింది. ఆస్పిరిన్ కుటుంబపు మందుతో మూత్రంలో షుగర్ తగ్గిందని జర్మనీ డాక్టర్ ఎబ్‌స్టైన్ 1876లోనే రాశాడు, నిజమే. కానీ అంత మోతాదులో వాడితే కడుపులో పుండ్లు, చెవుల్లో హోరు. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ షుగర్ పేషెంట్లకు ఇచ్చి చూస్తే ఇన్సులిన్ పనితీరు మెరుగుపడలేదు. దయచేసి సొంతంగా ఏదీ వేసుకోకండి.

పరగడుపు షుగర్ 100 నుంచి 125 మధ్య ఉంటే ఇంకా చేతిలో సమయం ఉన్నట్టే. 80 కిలోల మనిషి 4, 5 కిలోలు తగ్గి, ఆ తగ్గిన బరువు నిలబెట్టుకుంటే కణాలు ఇన్సులిన్ మాట మళ్లీ మెరుగ్గా వింటాయి. బరువు పెద్దగా తగ్గకపోయినా నడక వృథా కాదు. మన దేశంలోనే జరిగి 2006లో వచ్చిన అధ్యయనంలో నడక, తిండి మార్పులతో షుగర్ బారిన పడేవాళ్లు దాదాపు 28 శాతం తగ్గారు. అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే 30 ఏళ్లు దాటగానే ఒకసారి పరగడుపున రక్తం ఇచ్చి చూపించుకోండి.