"కదా" అడ్డుపడే ప్రశ్న

"మీకు అలాంటి పిచ్చి ఆలోచనలేం రావడం లేదు కదా?"

సోషల్ వర్క్ తరగతిలో, ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడం నేర్పే రోల్‌ప్లే. ఒకరు బాధలో ఉన్న మనిషి, ఎదురుగా కూర్చున్న విద్యార్థి కౌన్సెలర్. ప్రశ్న అడిగేటప్పుడు ఆ విద్యార్థి చూపు కాగితం మీదికి జారుతుంది, గొంతు తగ్గుతుంది. చివరి "కదా" ఏ జవాబు కావాలో ముందే చెప్పేస్తుంది. ఎదుటి మనిషి "లేదండీ" అంటారు. ఇంకేం మిగలదు మాట్లాడటానికి.

దాని వెనకున్నది భయమే. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. 2005లో వెలువడిన ఒక అధ్యయనం సరిగ్గా ఈ భయాన్నే పరీక్షించింది. న్యూయార్క్ రాష్ట్రంలో 2,300 మందికి పైగా హైస్కూల్ పిల్లల్లో సగం మందిని ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడిగారు, మిగతా సగాన్ని అడగలేదు. రెండు రోజుల తర్వాత చూస్తే, అడిగినందువల్ల ఆ ఆలోచనలు పెరగలేదు. డిప్రెషన్ లక్షణాలున్న పిల్లల్లోనైతే, ఆ ప్రశ్న ఎదుర్కొన్నవాళ్లకే వేదన కాస్త తక్కువగా కనిపించింది.

భయం ఒక్కటే కాదు, తీర్పు కూడా ఉంటుంది. "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అని ఎంత అలవాటుగా రాసేస్తాం! నేరానికి, మోసానికి వాడే క్రియ అది; ఇంగ్లిష్‌లో "commit" కూడా అంతే. ఇంగ్లండ్‌లో 1961 దాకా ఆత్మహత్య చట్టరీత్యా నేరమే. చట్టం మారినా మాట మారలేదు, మాటతో పాటు చూపూ మిగిలింది. "పిరికితనం", "స్వార్థం" అనుకుంటూ పెరిగిన విద్యార్థి ఆ మాటలు పైకి అనకపోవచ్చు. ముఖం మాత్రం దాచలేదు. అందుకే విద్యార్థుల వైఖరులను ప్రశ్నావళులతో కొలుస్తారు: "దీన్ని నివారించవచ్చా?", "దీని గురించి మాట్లాడకపోవడమే మంచిదా?" వంటి వాటితో.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 7 లక్షల మందికి పైగా ఆత్మహత్యతో చనిపోతున్నారు. ఆ తరగతిలోనే ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లు, స్వయంగా ఆ ఆలోచనలతో సతమతమవుతున్నవాళ్లు ఉండొచ్చు. తోటివాళ్లు తేలిగ్గా అనే ప్రతి మాటా వాళ్లు వింటారు. పాఠం చెప్పేవాళ్లు ఇది మరవకూడదని గట్టిగా అనుకుంటాను. అడగడం నేర్పే తరగతిలోనే సాయం ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాలి.

రోల్‌ప్లే మళ్లీ మొదలవుతుంది. ఈసారి కాగితం పక్కన పెట్టి, కళ్లలోకి చూస్తూ: "చనిపోవాలని అనిపిస్తోందా?"

నిశ్శబ్దం. దాన్ని నింపడానికి విద్యార్థి తొందరపడదు. కాసేపటికి ఎదుటి మనిషి అంటారు: "ఎప్పుడెప్పుడు అనిపిస్తుందో చెప్పనా?"