మాయ కోటగోడ కాదని ఎలా తెలిసింది?

తల్లి ఒంట్లోకి ఏం చేరినా కడుపులో బిడ్డకు మాయ (ప్లాసెంటా) అడ్డు నిలుస్తుందని డాక్టర్లు చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకాన్ని గట్టిగా కుదిపింది ఓ కంటి డాక్టరు. 1941లో సిడ్నీలో నార్మన్ గ్రెగ్ పుట్టుకతోనే శుక్లాలున్న 78 మంది పసివాళ్ల వివరాలు పోగేశారు. వాళ్లలో 68 మంది తల్లులకు గర్భం వచ్చిన కొత్తలో రుబెల్లా సోకింది. కాస్త జ్వరం, దద్దుర్లు, నాలుగు రోజుల్లో తగ్గిపోయే జబ్బు. బిడ్డకు మాత్రం కళ్లతో పాటు గుండె, చెవులు, మెదడు కూడా దెబ్బతింటాయని క్రమంగా తేలింది.

మినమాటాది ఇంకా ఘోరం. జపాన్‌లోని ఆ ఊళ్లో చిస్సో ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన మిథైల్ పాదరసం చేపల్లో చేరింది. 1956లో జబ్బు బయటపడింది. చేప ముక్క నోట పెట్టని పసివాళ్లకూ కాళ్లూ చేతులూ వంకర్లు పోయాయి. మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీ అయ్యుంటుందన్నారు డాక్టర్లు. తల్లులు ఒప్పుకోలేదు. చేపలు తిన్నది తామేనని, విషం బిడ్డకు చేరిందని వాళ్ల వాదన. చదువుకున్నవాళ్ల కంటే వాళ్లకే ముందు తట్టింది! 1962లో శవపరీక్షలు వాళ్ల మాటే నిజమన్నాయి. అక్కడ బిడ్డ బొడ్డుతాడును ఎండబెట్టి చిన్న పెట్టెలో దాచుకుంటారు. తర్వాత డాక్టర్ మసజుమి హరాద ఆ తాళ్లను పరీక్ష చేయిస్తే అందులోనే పాదరసం దొరికింది. మాయ దాన్ని ఆపకపోగా బిడ్డవైపే పంపింది. చాలామంది తల్లులకు మాత్రం పెద్దగా లక్షణాలే లేవు.

మద్యం సంగతి మరీ ఆలస్యంగా తేలింది. 1968లో ఫ్రాన్స్‌లో డాక్టర్ పాల్ లెమ్వాన్ తాగుడు అలవాటున్న తల్లిదండ్రులకు పుట్టిన 127 మంది పిల్లల గురించి రాస్తే ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. 1973లో అమెరికాలోని సియాటెల్ డాక్టర్లు, తల్లి తాగిన మద్యం వల్ల బిడ్డకు వచ్చే లోపాలకు ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టాకే వైద్యలోకం కదిలింది.

ఇదంతా లోపలికి చేరిన వాటి గురించి. చేరాల్సింది చేరకపోయినా ముప్పే. మెదడు, వెన్నుపాము తయారయ్యే నాడీనాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అది సరిగా మూసుకోని బిడ్డను అంతకుముందు కన్న తల్లులకు ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్ ఇస్తే, మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ ఆధ్వర్యంలోని పరీక్షల్లో తేలింది. నెల తప్పిందన్న అనుమానంతో టెస్ట్ చేసుకుని, డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికేసరికి ఆ 28 రోజులూ అయిపోవచ్చు. అందుకే ఆ మాత్ర బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే మొదలుపెట్టమంటారు.